కొండవాళ్ల మంత్రాన్ని ఎవరి కళ్లతో రాయాలి?

ఉత్తరాంధ్ర నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. బ్యాంకులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. రాత్రి వాళ్లు పడుకున్నాక ఒక ఫాంటసీ నవల రాస్తున్నారు. అది ఆన్‌లైన్‌లో వారం వారం సీరియల్‌గా వస్తోంది, చదివేవాళ్లు కూడా బాగానే ఉన్నారు.

కథలో రెండు మంత్రవిద్యలు ఉన్నాయి. రాజధానివాళ్లది రేకుల విద్య. రాగిరేకు మీద అక్షరాలు చెక్కి, వాటిని చదివి పని జరిపిస్తారు. కొండవాళ్లది పొగ విద్య. గుగ్గిలం కాల్చి, కోడిని కోసి, ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలు వేస్తారు. ఎవరి బొమ్మ వేస్తే వాళ్లు మంచం పడతారు. రాజధానివాళ్లు దీన్ని చిల్లంగి, అంటే చేతబడి, అంటారు. కథ చెప్పే గొంతు కూడా చాలాచోట్ల అదే మాట వాడింది.

సీరియల్ చదివేవాళ్లలో కొందరు "రెండు విద్యలూ ఒకేలా ఉన్నాయి, రంగే తేడా" అంటున్నారట. అది ఒక బాధ. దానికంటే పెద్దది ఇంకోటి. డిగ్రీలో హాస్టల్ గది పంచుకున్న స్నేహితురాలు సవర తెగ అమ్మాయి. నవల మొదటినుంచీ చదువుతూ వచ్చింది. గోడబొమ్మల అధ్యాయం వచ్చాక ఒక్క మెసేజ్ పెట్టింది: "మా అమ్మమ్మ ఇంటి గోడ మీద ఉన్న బొమ్మలు అవి. చిల్లంగి అన్న మాట పడినందుకే మా పెద్దమ్మ ఊరు వదిలి వెళ్లిపోయింది. నీకు తెలుసు కదా." ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. తమ్ముణ్ణి అడిగితే "కల్పనే కదా అక్కా, ఎందుకంత టెన్షన్" అన్నాడు. కొండవాళ్ల భాగం మొత్తం తీసేయనా, పేర్లు మార్చనా, ఆమెకు ఏమని చెప్పుకోను అని ఈవిడ అడుగుతున్నారు.

సమాధానం:

ముందు నవల సంగతి మాట్లాడతాను. స్నేహితురాలి సంగతిని పక్కకు నెట్టాలని కాదు. మీరు రెండు కష్టాలుగా రాసినవి నాకు ఒకటిగానే కనిపిస్తున్నాయి.

మీరు ఉత్తరంతో పంపిన యువరాణి జ్వరం ఘట్టాన్ని తీసుకుందాం. రేకుల పండితుడు వచ్చి మంత్రం చదువుతాడు, అరచేతిలోంచి నీలం వెలుగు వస్తుంది. తర్వాత కొండావిడ వచ్చి మంత్రం చదువుతుంది, ఎర్రటి వెలుగు వస్తుంది. మంత్రం అయ్యాక ఇద్దరికీ ఒంట్లో సత్తువ పోయి కళ్లు తిరుగుతాయి. ఇద్దరికీ ఒక గురువు, ఒక రహస్యం, ఒక శపథం. ఒకే కూరను రెండు గిన్నెల్లో వడ్డించినట్టుంది. బట్టలు, వాహనాలు, దేవతల పేర్లు ఎన్ని మార్చినా ఈ లోపం పోదు. ఎందుకంటే జ్వరం అంటే ఏమిటన్న విషయంలో మీ ఇద్దరు మాంత్రికులకీ ఒకటే అభిప్రాయం ఉంది.

మంత్రం ఏమేం చేయగలదన్న లెక్క కాసేపు పక్కన పెట్టండి. అది పనిచేయని రోజున ఏం జరుగుతుందో రాసి చూడండి. రాత్రంతా మంత్రాలు చదివారు, తెల్లారింది, పిల్ల ఒళ్లు ఇంకా కాలిపోతోంది. పండితుడు ఎవర్ని తప్పుపడతాడు? కొండావిడ ఏమనుకుంటుంది? ఇద్దరి జవాబులూ వేరైతే అక్కణ్నుంచి రెండు సంస్కృతులు వాటంతటవే విడిపోతాయి.

శబ్దాన్ని నమ్ముకున్న సంప్రదాయం ఎలా ఉంటుందో మనకు దగ్గరగానే తెలుసు. త్వష్ట కథ గుర్తుందా? కొడుకును చంపిన ఇంద్రుడి మీద పగతో, ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని యజ్ఞం చేస్తాడు. 'ఇంద్రశత్రు' అని పలకడంలో స్వరం తప్పుతుంది. అక్షరం ఒక్కటీ మారలేదు, పలికిన తీరు మారిందంతే. ఇంద్రుణ్ణి చంపేవాడికి బదులు ఇంద్రుడి చేతిలో చచ్చే వృత్రుడు పుట్టాడు. ఇలాంటి భయం ఉన్నచోట ఎలాంటి మనుషులు తయారవుతారో ఆలోచించండి. చిన్నప్పటినుంచి వల్లె వేయించే గురువులుంటారు. క్రమం, జట, ఘన అంటూ ఒకే మంత్రంలోని పదాలను ముందుకీ వెనక్కీ తిప్పి చదివించే పద్ధతులుంటాయి. ఎవరు వినొచ్చు, ఎవరు వినకూడదు అనే గోడలు లేస్తాయి. నత్తి ఉన్న పిల్లవాడికి ఆ ఊళ్లో చోటేది? పళ్లూడిన ముసలి పండితుడి గతేమిటి? మీ రాజధానిలో అలాంటివాళ్లు ఒక్కరూ లేరు. ఉండాలి. మీ రేకుల విద్యలో పొరపాటంటే అక్షరంలో పొరపాటు. కాబట్టి మంత్రం ఫలించని రోజున అక్కడివాళ్లు దోషి కోసం వెతుకుతారు. చెక్కినవాడా, చదివినవాడా, రేకును ముట్టుకున్న దాసీదా? విచారణలు, శిక్షలు, పరీక్షలు, నకళ్లను సరిచూసే ఉద్యోగాలు అన్నీ ఇక్కణ్నుంచే పుడతాయి.

ఇప్పుడు కొండకు వెళ్దాం. మీ స్నేహితురాలి వాళ్లే ఒడిశా వైపు కూడా ఉన్నారు, అక్కడ వాళ్లను సొరా అంటారు. పీర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రజ్ఞుడు 1970ల నుంచి వాళ్ల మధ్య ఉండి రాసిన సంగతులు మీకు పనికొస్తాయి. వాళ్ల పాత పద్ధతిలో ఒక స్త్రీ పూనకంలోకి వెళ్తుంది. చనిపోయినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమె నోట మాట్లాడతారు. బతికున్నవాళ్లు చుట్టూ కూర్చుని వాళ్లతో మాట్లాడతారు, ఏడుస్తారు, పోట్లాడతారు, కల్లు పోస్తారు. ఫలానా జబ్బుతో పోయిన మనిషి, తనవాళ్ల మీద బెంగతో ఆ జబ్బునే వాళ్లకు తెచ్చిపెడతాడని నమ్మకం. అందుకని అతనితో మాట్లాడాలి, సర్దిచెప్పాలి. ఒకరోజుతో తేలదు, ఏళ్లు పడుతుంది. మెల్లమెల్లగా అతను నెమ్మదించి, కాపాడే పూర్వీకుడై, చివరికి కుటుంబంలో పుట్టిన బిడ్డకు తన పేరు ఇస్తాడు. గోడ మీద బొమ్మలు వేసేది కూడా ఇలా పోయినవాళ్ల కోసం, దైవాల కోసమే. వాళ్లకు ఇంట్లో ఒక చోటు ఇవ్వడం అది.

మీ నవలలో ఆ బొమ్మే మనిషిని చంపుతోంది. మీ స్నేహితురాలికి ఎక్కడ తగిలిందో ఇప్పుడు తెలుస్తోంది కదా.

ఈ రెండూ తెలిశాక యువరాణి ఘట్టాన్ని మళ్లీ రాయండి. పండితుడు గదిలోకి రాగానే అందర్నీ బయటికి పొమ్మంటాడు. గాలి కూడా సద్దు చేయకూడదు, కిటికీలు మూయిస్తాడు. పిల్ల మెడలో కట్టిన రేకు విప్పి, దీపం దగ్గరగా పెట్టి, గోరు అంచుతో ఒక్కో గీతా తడుముతూ చూస్తాడు. ఎక్కడో ఒక ఒత్తు దగ్గర చిన్న గీరు ఉంది. ఎవరు ముట్టుకున్నారు అని అడుగుతాడు. గది బయట దాసీది వణుకుతోంది.

కొండావిడ వస్తూనే తలుపులు తీయిస్తుంది. ఈ ఇంట్లో ఈమధ్య పోయిందెవరు అని అడుగుతుంది. పండితుడు బయటికి పంపినవాళ్లనందరినీ లోపలికి పిలుస్తుంది. దాసీలు, మాట్లాడుకోని తోడికోడళ్లు, పదేళ్లుగా రాజు మొహం చూడని ముసలి రాణి, అందరూ రావాలి. అందరూ మాట్లాడాలి. ఎంత గోల అయితే అంత మంచిది.

ఒకరికి నిశ్శబ్దం కావాలి, ఇంకొకరికి జనం కావాలి. ఒకే గదిలో, ఒకే రాత్రి రెండూ కుదరవు. మీరు వెలుగులు చిమ్మించి పుట్టించాలనుకున్న గొడవ ఇక్కడ ఒక తలుపు దగ్గర పుడుతుంది. రంగుల మాట ఇక ఎవరూ ఎత్తరు.

ఒక జాగ్రత్త. స్నేహితురాలి బాధ చూసి కొండవాళ్లను దేవతలను చేసేయకండి. పోయినవాళ్లతో ఏళ్లకేళ్లు మాట్లాడాల్సిన చోట బతికున్నవాళ్లకు విడుదల ఉండదు. తండ్రి బతికుండగా కొట్టిన దెబ్బలకు, పోయాక కూడా అతనికే సర్దిచెప్పాల్సిన కూతురు అక్కడ ఉంటుంది. కొండ దిగి రాజధానికి కూలికి వచ్చినవాడు పోతే అతని తరఫున మాట్లాడేవాళ్లెవరు? పూనకం వచ్చే ఆవిడకు ఊరి కుటుంబాల లోగుట్లన్నీ తెలుసు. ఆమె మాటకు ఎంత బలముంటుందో, ఆమె పక్షపాతానికీ అంతే ఉంటుంది. నిజమైన సొరా పల్లెల్లో చాలామంది కొత్తతరం బాప్టిస్టు క్రైస్తవులయ్యారు, పోయినవాళ్లతో ఆ సంభాషణలు చాలా ఇళ్లలో ఆగిపోయాయి. మీ కొండల మీద కూడా ఒక మనవరాలు "ఇక నాకొద్దు" అనొచ్చు. ఆమె ద్రోహి కానక్కర్లేదు. నాకైతే మీ నవలలో అందరికంటే ముందు ఆమెను చదవాలనుంది.

రెండు విద్యలవాళ్లూ ఎప్పుడూ కత్తులు దూసుకోనక్కర్లేదు కూడా. క్రీస్తుకు పూర్వం 7వ శతాబ్దంలో నినెవేలో అస్సీరియా రాజు ఎసర్‌హద్దోన్ కొలువులో మందులిచ్చే ఆసులూ ఉండేవారు, మంత్రాలతో దోషం పోగొట్టే ఆశిపులూ ఉండేవారు. ఒకే రోగిని ఇద్దరూ చూసేవారు. నా జబ్బేమిటో ఎందుకు కనిపెట్టవు అని రాజు పదేపదే అడుగుతున్నాడని ఒక కొలువు వైద్యుడు మట్టిపలక మీద ఆ రాజుకే రాసిన లేఖ దొరికింది. పనిచేయని రోజు అంటే అదే. అలాగే మంత్రం అవసరం లేని చోటు ఏదో కూడా తేల్చుకోండి. న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవులవాళ్లు తీరంలోపలి నిశ్చలమైన నీళ్లలో చేపలు పట్టడానికి మంత్రం వాడరని, నడిసముద్రంలోకి వెళ్లేటప్పుడు మాత్రం అడుగడుక్కీ మంత్రం ఉంటుందని మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రజ్ఞుడు గమనించాడు. మీ రాజధానిలో దీపం వెలిగించడానికీ మంత్రమే, తలుపు తీయడానికీ మంత్రమే. అక్కడివాళ్లకు దేనికి భయమో అందుకే తెలియడం లేదు.

ఇప్పుడు చిల్లంగి సంగతి. మీరు దాన్ని ఒక విద్య పేరుగా వాడారు. మన ఊళ్లలో అది ఎవరూ నేర్చుకున్నామని చెప్పుకునే విద్య కాదు, పక్కవాళ్ల మీద వేసే నింద. మీవైపు చిల్లంగి, తెలంగాణలో బాణామతి. ఆవు చచ్చిపోతే, పిల్లకు జబ్బు చేస్తే, పొలం గట్టు తగాదా ముదిరితే ఆ మాట బయటికొస్తుంది. ఎక్కువగా వచ్చి పడేది ఒంటరివాళ్ల మీద. బాణామతి అనుమానంతో మనుషుల పళ్లు ఊడగొట్టిన సంఘటనలు పత్రికల్లో వచ్చాయి. పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకలేరని వాళ్ల లెక్క. ఇలాంటి నిందలు ఎంత ప్రాణాంతకమో తెలిసే బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో వీటిపై ప్రత్యేక చట్టాలు తెచ్చుకున్నాయి. మీ తమ్ముడు కల్పనే కదా అన్నాడు. విద్యలు కల్పన, రాజధాని కల్పన. నింద వేసే ఆ మాట మాత్రం మీరు కల్పించింది కాదు, ఊళ్లోంచి తెచ్చారు. దానితోపాటు దాని బరువూ వచ్చింది.

నింద అన్నది మీ ప్రపంచంలో ఉండకూడదని నేననను. ఉంటే దానికీ ఒక పద్ధతి ఇవ్వండి. మధ్య ఆఫ్రికాలోని అజాందే తెగవాళ్ల గురించి ఈవాన్స్-ప్రిచర్డ్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1920లలో అక్కడ ఉండి తెలుసుకున్న విషయం ఒకటి చెబుతాను. వాళ్ల నమ్మకంలో మంత్రగాడి శక్తి పుట్టుకతో ఒంట్లో ఉండే పదార్థం. అది తనలో ఉందని మనిషికే తెలియకపోవచ్చు. ఎవరికైనా జబ్బు చేస్తే కోళ్లకు ఒక విషం పెట్టి, ఒక్కొక్కరి పేరూ అడుగుతూ పరీక్షిస్తారు. ఎవరి పేరు తేలితే వాళ్లకు చచ్చిన కోడి రెక్క పంపిస్తారు. ఆ మనిషి మర్యాదగా నోట్లో నీళ్లు పోసుకుని రెక్క మీద ఊది, నాకు తెలియకుండా జరిగితే చల్లారిపోవాలి, రోగికి నయం కావాలి అంటాడు. చాలాసార్లు గొడవ అక్కడితో సరి. ఇలాంటి పద్ధతి ఉన్న ఊరు ఒక రకంగా బతుకుతుంది, లేని ఊరు ఇంకో రకంగా బతుకుతుంది. మీ రాజధానిలో ఏది ఉందో మీరే నిర్ణయించాలి.

ఇక మీ ముందున్న దారులు. కొండ భాగం మొత్తం తీసేయడం ఒకటి. తేలిక, వెంటనే మనసు కుదుటపడుతుంది. కానీ రేకుల విద్యకు ఎదురు నిలిచేది ఏదీ ఉండదు, నవల సగమైపోతుంది. పైగా మీ స్నేహితురాలికి అది ఇంకోలా వినబడొచ్చు: చెడ్డగా రాయకపోతే అసలు రాయనే రాయరన్నమాట, అని. పేర్లు, బొమ్మలు మాత్రమే మార్చడం ఇంకోటి. ఆమెవాళ్లను గుర్తుపట్టే ఆనవాళ్లు పోతాయి, అది మంచిదే. కానీ నాగరికులైన పండితులు, నెత్తురు చల్లే కొండవాళ్లు అనే చట్రం అలాగే ఉంటుంది, ఈసారి ఇంకెవరి అమ్మమ్మ ఇల్లో అందులో కనిపిస్తుంది. "రెండూ ఒకేలా ఉన్నాయి" అన్న మాట కూడా పోదు.

మూడోది, కథ చెప్పే గొంతును మార్చడం. చిల్లంగి లాంటి మాట పండితుడి నోట ఉండొచ్చు, దాసీదాన్ని బెదిరించే భటుడి నోట ఉండొచ్చు. కథకురాలి నోట ఉండకూడదు. కొండ ఘట్టాలు కొండవాళ్ల కళ్లతోనే నడవాలి. వాళ్లు తమ విద్యను ఏమని పిలుస్తారో, పండితుల్ని వెనకాల ఏమని వెక్కిరిస్తారో రాయాలి. దీనికి పని ఎక్కువ, అచ్చయిన అధ్యాయాలు కూడా తిరగరాయాలి. నిజమైన సవరల పద్ధతులను అచ్చుగుద్దినట్టు దించేయకుండా, మీ కొండలకు మీ సొంత పద్ధతి కట్టుకోవాలి. పోయినవాళ్లతో మాట్లాడడం అన్న ఆలోచననే తీసుకున్నా, ఎక్కడ, ఎప్పుడు, ఏ వస్తువుతో అన్నవి మీవే కావాలి. గోడబొమ్మలు మాత్రం వదిలేయండి. నేను మొగ్గేది ఈ దారివైపే, కానీ ఉద్యోగం, పిల్లలు, రాత్రి మిగిలే కాస్త సమయం మీవి. ఇంత పని ఇప్పుడు కుదరదనుకుంటే, కొండ భాగాన్ని కొంతకాలం ఆపి రాజధాని కథనే నడపడం కూడా గౌరవమైన నిర్ణయమే.

స్నేహితురాలికి ఫోన్ చేయడం ఆపండి. ఎత్తనప్పుడల్లా ఆమెకు ఇంకోసారి కాదనాల్సిన పని పెడుతున్నారు. ఒక మెసేజ్ చాలు. "నువ్వు నమ్మి చెప్పిన పెద్దమ్మ కథ తెలిసి కూడా ఆ మాట వాడాను. బొమ్మల సంగతీ తప్పే. ఆ అధ్యాయం ఈరోజు తీసేశాను" అని, తీసేశాకే రాయండి. ఎందుకు రాశారో, మీ ఉద్దేశం ఏమిటో అందులో వద్దు. ఆమె అడిగితే అప్పుడు చెప్పొచ్చు. జవాబు రావచ్చు, నెలల తర్వాత రావచ్చు, రాకపోవచ్చు కూడా. వస్తే, కొత్త అధ్యాయాలు చూసి సరేనంటావా అని మాత్రం అడగకండి. ఆమె సరేనంటే తన వాళ్లందరి తరఫునా సరేనన్న భారం పడుతుంది, కాదంటే మీ నవల ఆపేసిన భారం పడుతుంది. తనంతట తాను చదువుతానంటే అది వేరే సంగతి. పెద్దమ్మకు జరిగింది ఏ రూపంలోనూ నవలలోకి రాకూడదు, పేరు మార్చి కూడా.

తెలుసుకోవడానికి ఆమె ఒక్కతే దారి కాదు. గిడుగు రామమూర్తి గారు ముందు సవర భాష నేర్చుకుని, ఆ తర్వాతే దాని వ్యాకరణం రాశారు. అది 1931లో అచ్చయింది. అప్పటినుంచి సవరల గురించి రాసినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు సవరల్లో చదువుకుని తమ గురించి తామే చెబుతున్నవాళ్లూ ఉన్నారు. సీతంపేట వైపు బొమ్మలు వేసే కళాకారులు ఉన్నారు. వాళ్ల దగ్గరికి నేర్చుకోవడానికి వెళ్తే వాళ్ల సమయానికి డబ్బిచ్చి, ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పి అడగండి.

సీరియల్ చదివేవాళ్ల గురించి కూడా మీరు బెంగపడ్డారు. గోడబొమ్మల అధ్యాయం స్థానంలో రెండు మూడు వాక్యాలు పెట్టండి: ఈ భాగంలో ఒక నిజమైన సమాజం ఆచారాన్ని తప్పుగా చూపించాను, తిరగరాస్తున్నాను, కొన్ని వారాలు ఆలస్యమవుతుంది, అని. స్నేహితురాలి ప్రస్తావన అందులో రాకూడదు. కొందరు చదవడం మానేస్తారు. మిగిలినవాళ్లకు ఆ లోపు ఇవ్వడానికి తిరగరాసిన యువరాణి ఘట్టం మీ దగ్గర ఉంటుంది, ముందు దాన్ని పూర్తి చేయండి.